స్టీవర్ట్‌ల తాత ఎవరు?

మా పెదనాన్నగారికి సహస్రచంద్రదర్శనం చేయాలని నిశ్చయించినప్పుడు, ఆ సందర్భంగా మా వంశవృక్షాన్ని ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించి బంధువులకు పంచే పని నాకు అప్పగించారు. కందుకూరు దగ్గర మా ఊళ్లో పాత పెంకుటింటి అటక మీది ట్రంకుపెట్టెను దించి, అందులోని దస్తావేజులూ శిస్తు రసీదులూ పసుపు మరకల శుభలేఖలూ చాప మీద పరుచుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. ఆ నాలుగు రోజులూ నా మనసు మాటిమాటికీ స్కాట్లండ్‌ను ఏలిన స్టీవర్ట్ వంశం మీదికే పోయింది. ఎందుకు పోయిందో చెప్పడానికే ఈ టపా రాస్తున్నాను.

నేను డిగ్రీ విద్యార్థులకు పాతికేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను. అందులో చాలా ఏళ్లు షేక్‌స్పియర్ రాసిన మాక్బెత్ నాటకం పాఠ్యాంశంగా ఉండేది. అందులో బ్యాంకో అనే సేనానితో మంత్రగత్తెలు, నువ్వు రాజువు కావు గాని నీ సంతానం రాజులవుతారని చెబుతారు. మాక్బెత్ పంపిన హంతకులు బ్యాంకోను చంపుతారు, అతని కొడుకు ఫ్లీన్స్ మాత్రం చీకట్లో తప్పించుకుంటాడు. ఆ ఫ్లీన్స్ సంతతే స్టీవర్ట్‌లనీ, 1603లో ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కిన జేమ్స్ రాజు ఆ వంశంవాడేననీ నేను తరగతిలో చరిత్రగానే చెబుతూ వచ్చాను. ఆ మాట తప్పని తెలిసిన తర్వాత నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఒక బాకీ ఉండిపోయినట్టు అనిపించింది. వాళ్లలో కొందరైనా దీన్ని చదువుతారని ఆశపడుతున్నాను.

మాక్బెత్ నిజంగా ఉన్నాడు. 1040 నుంచి 1057 వరకు స్కాట్లండ్‌ను పాలించాడు. బ్యాంకో మాత్రం ఆ కాలపు రాతల్లో ఎక్కడా లేడు. అతని పేరు మొదటిసారి కనిపించేది 1527లో హెక్టర్ బోయెస్ అనే పండితుడు లాటిన్‌లో రాసి ప్యారిస్‌లో అచ్చు వేయించిన స్కాట్లండ్ చరిత్రలో. అంటే మాక్బెత్ చనిపోయిన 470 ఏళ్లకు. బోయెస్ తన గ్రంథాన్ని అంకితమిచ్చింది అప్పటి రాజైన అయిదవ జేమ్స్ స్టీవర్ట్‌కే. ఆ కథ ప్రకారం ఫ్లీన్స్ వేల్స్ దేశానికి పారిపోయి, అక్కడి రాజు కూతురిని ప్రేమించి ప్రాణం పోగొట్టుకుంటాడు. వాళ్లకు పుట్టిన వాల్టర్ పెద్దవాడై, తన పుట్టుకను ఎత్తిపొడిచిన వాణ్ణి చంపి స్కాట్లండ్ చేరుకుని, మూడవ మాల్కమ్ రాజు కొలువులో స్టీవర్డ్ పదవి, అంటే రాజుగారి ఇంటి వ్యవహారాలు చూసే అధికారి పదవి, సంపాదిస్తాడు. దీన్ని హోలిన్‌షెడ్ అనే చరిత్రకారుడు తన ఇంగ్లీషు చరిత్రలోకి తీసుకున్నాడు, అక్కడి నుంచి షేక్‌స్పియర్ తీసుకున్నాడు. అయితే బోయెస్, హోలిన్‌షెడ్‌ల కథలో మాక్బెత్ చేసిన డంకన్ రాజు హత్యలో బ్యాంకో కూడా భాగస్వామే. షేక్‌స్పియర్ కాలపు జేమ్స్ రాజు పూర్వీకుడి చేతికి రక్తం అంటకూడదు గనుక నాటకంలో అతన్ని నిర్దోషిగా మార్చారు. నాలుగో అంకంలో ఎనిమిదిమంది రాజులు వరసగా నడిచి వెళ్లే దృశ్యం, చివరి రాజు చేతిలో అద్దం, ఇవన్నీ ఆ వంశాన్ని కీర్తించడానికి పెట్టినవే.

అసలు ఈ పొగడ్త బోయెస్‌తో మొదలైంది కూడా కాదు. స్టీవర్ట్‌లలో మొదటి రాజైన రెండవ రాబర్ట్ కాలంలోనే, ఆయన దగ్గర భరణం పొందిన జాన్ బార్బర్ అనే కవి ఆ వంశాన్ని ట్రాయ్ నగరపు వీరుల దాకా తీసుకుపోయి ఒక కావ్యం రాశాడని చెబుతారు. ఆ కావ్యం ఇప్పుడు దొరకదు.

ఇవన్నీ మనకు కొత్త సంగతులేమీ కావు. నెల్లూరును ఏలిన తెలుగుచోడులు తమ శాసనాల్లో, కావేరికి గట్లు కట్టించిన కరికాలుడి కులం తమదని చెప్పుకున్నారు. తిక్కన నిర్వచనోత్తరరామాయణం అవతారికలో మనుమసిద్ధి పూర్వులను ఎంత గంభీరంగా వర్ణించాడో చదివినవారికి తెలుసు. మన జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. వాటిని తిరగేసినప్పుడు నాకొక సంగతి పట్టుబడింది. శాసనంలో రెండు భాగాలుంటాయి. మొదటిది ప్రశస్తి, అందులో రాజు సూర్యుడి దాకా పోతాడు. రెండోది దానం, అందులో ఫలానా గుడికి ఫలానా పొలం, తూర్పు పొలిమేర చెరువుగట్టు, పడమటి పొలిమేర పుట్ట, ఇచ్చినవాడు ఫలానావాడి కొడుకు అని ఉంటుంది. ప్రశస్తిలోని తాతల్ని నమ్మడానికి లేదు. దానంలోని తండ్రిని నమ్మవచ్చు, ఎందుకంటే ఆ తండ్రి పేరును అక్కడ అబద్ధం చెబితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. స్టీవర్ట్‌ల సంగతి తేలింది కూడా ఇలాంటి దానపత్రాల వల్లే.

ఆ పత్రాలు మనల్ని తీసుకుపోయే చోటు స్కాట్లండ్ కాదు, వేల్స్ కాదు. ఇప్పటి ఫ్రాన్స్‌కు పడమటి కొసన ఉన్న బ్రిటనీలో డోల్ అనే ఊరు. పదకొండో శతాబ్దంలో ఆ ఊరి క్రైస్తవ పీఠాధిపతి కొలువులో ఒక కుటుంబం వంశపారంపర్యంగా డాపిఫర్ ఉద్యోగం చేసింది. లాటిన్‌లో ఆ మాటకు భోజనం తెచ్చి వడ్డించేవాడని అర్థం. కాలక్రమాన అది ఇంటి ఖర్చులూ ఉగ్రాణమూ పరివారమూ అన్నిటినీ చూసే పెద్ద అధికారి హోదా అయింది. ఆ ఇంట్లో అలన్ అనే ఆయనకు అలన్, ఫ్లాడ్, రివాలన్ అని ముగ్గురు కొడుకులు. అలన్ తండ్రి పదవిలో ఉండి జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మొదటి క్రూసేడ్ యుద్ధానికి వెళ్లాడు. రివాలన్ లోయర్ నది ఒడ్డున సోమ్యూర్‌లో ఉన్న సెయింట్ ఫ్లోరాన్ మఠంలో సన్యాసిగా చేరాడు. మన కథ నడిచేది ఫ్లాడ్‌తో.

1101లోనో 1102లోనో వేల్స్ సరిహద్దులోని మాన్మత్‌లో సెయింట్ ఫ్లోరాన్ మఠానికి చెందిన ఒక శాఖామఠపు ప్రార్థనాలయానికి ప్రతిష్ఠ జరిగింది. అక్కడికి వచ్చినవారిలో ఫ్లాడ్ పేరు ఉంది. అప్పటికి ఇంగ్లండ్‌లో మొదటి హెన్రీ రాజై ఏడాదో రెండేళ్లో అయింది. రాజు కాకముందు ఆయన నార్మండీ పడమటి భాగంలో ఉన్నాడు, బ్రిటనీ వీరులతో స్నేహం కలిసింది అక్కడే. వాళ్లలో నమ్మకమైనవారిని తన వెంట తెచ్చుకుని భూములిచ్చాడు. ఫ్లాడ్ కొడుకు అలన్‌కు నార్ఫోక్‌లో మైల్‌హామ్, వేల్స్ సరిహద్దున ష్రాప్‌షైర్‌లో ఓస్వెస్ట్రీ దక్కాయి. ఫిట్జ్ అంటే కొడుకు. అందుకే అతన్ని అలన్ ఫిట్జ్ ఫ్లాడ్ అంటారు. ఇతను నార్ఫోక్‌లోని స్పోర్ల్‌లో ఒక చిన్న మఠం పెట్టి, దాన్ని కూడా ఆ సెయింట్ ఫ్లోరాన్‌కే అప్పగించాడు. బాబాయి సన్యసించిన మఠం, తండ్రి ప్రతిష్ఠకు వెళ్లిన మఠం, కొడుకు దానమిచ్చిన మఠం ఒకటే కావడం వల్ల, మూడు ప్రాంతాల్లో చెల్లాచెదురుగా ఉన్న ఈ మనుషులు ఒకే ఇంటివారని తేలింది. గుడికి దీపం పెట్టిన పుణ్యం వంశం పేరు నిలబెడుతుందని మా నాయనమ్మ అంటుండేది, అది నాకు ఇక్కడ అక్షరాలా కనబడింది.

అలన్ ఫిట్జ్ ఫ్లాడ్ కొడుకుల్లో విలియమ్, వాల్టర్ ముఖ్యులు. హెన్రీ రాజు 1135లో పోయాక సింహాసనం కోసం ఆయన కూతురు మటిల్డాకూ మేనల్లుడు స్టీఫెన్‌కూ యుద్ధం వచ్చింది. విలియమ్ మటిల్డా పక్షం వహించాడు. 1138లో ష్రూస్‌బరీ కోటను స్టీఫెన్ పట్టుకోగా అక్కడి నుంచి పారిపోయాడు. స్కాట్లండ్ రాజైన మొదటి డేవిడ్ మటిల్డాకు స్వయానా మేనమామ, అందుచేత ఆమె పక్షమే. పెద్దకొడుకు కాని వాల్టర్‌కు ఆస్తిలో పెద్దగా వచ్చేది లేదు, ఇంటికేమో కష్టకాలం, ఉత్తరాన స్నేహంగా ఉన్న రాజు తన దేశంలో కొత్త ప్రభువులను స్థిరపరుస్తున్నాడు. వాల్టర్ అక్కడికి వెళ్లి డేవిడ్ రాజుకు స్టీవర్డ్ అయ్యాడు. డేవిడ్ మనుమడు నాలుగవ మాల్కమ్ ఆ పదవిని వాల్టర్ వంశానికి శాశ్వతం చేశాడు. రెన్‌ఫ్రూ, పెయిజ్లీ వంటి భూములు వాళ్లవయ్యాయి. బ్రూస్, బేలియల్ కుటుంబాలు కూడా ఇలాగే సముద్రం అవతలి నుంచి వచ్చినవే గనుక ఇది వింత కాదు. స్టీవర్డ్ అనే పాత ఇంగ్లీషు మాటకు ఇంటిని కనిపెట్టుకుని ఉండేవాడని అర్థం. డోల్‌లో తాతముత్తాతలు ఏ పని చేశారో, వేయి మైళ్ల లోపు దూరంలో మరో దేశంలో మునిమనుమడు ఆ పనికే కుదిరాడు. రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ ఉద్యోగమే ఇంటిపేరై స్టీవర్ట్ అయింది. మన కరణాల, భండారుల ఇంటిపేర్లు పుట్టినట్టే.

వాల్టర్ 1163 ప్రాంతంలో ఒక మఠం స్థాపించాడు. అదే పెయిజ్లీ మఠం. దానికోసం పదముగ్గురు సన్యాసులను పిలిపించింది ఎక్కడి నుంచంటే, ష్రాప్‌షైర్‌లోని వెన్‌లాక్ నుంచి. మఠాన్ని అంకితం చేసిన పవిత్రుల పేర్లలో మిల్‌బర్గా కూడా ఉంది. ఆమె వెన్‌లాక్‌వారి ఇలవేల్పు లాంటిది, స్కాట్లండ్‌లో ఆమెను ఎరిగినవారు అరుదు. ఈ ఒక్క పేరు నాకు పుస్తకాలన్నిటికంటె బలమైన సాక్ష్యంగా తోస్తుంది. ఊరు విడిచి ఎక్కడికి పోయినా మనవాళ్లు పెంచలకోన నరసింహస్వామి పటం వెంట పట్టుకుపోతారు. పిల్లలకు పెంచలయ్య అని పేరు పెడితే, ఆ మనిషి ఏ దేశంలో ఉన్నా నెల్లూరు సీమవాడని చెప్పేయవచ్చు. వాల్టర్ కూడా అలాగే తన సీమ దేవతను మూటగట్టుకుని వెళ్లాడు. బ్యాంకో కొడుకు వారసుడైతే ఆ అవసరమే లేదు. (మన చీరల అంచు మీద మామిడిపిందెను ఇంగ్లీషులో పెయిజ్లీ అంటారు. కాశ్మీరు శాలువల నమూనాలను పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి మగ్గాల మీద నేసినందువల్ల ఆ పేరు వచ్చింది. ఈ మఠం చుట్టూ పెరిగిన ఊరే అది.)

వాల్టర్ 1177లో చనిపోయాడు. మధ్య తరాలను వేగంగా దాటేస్తాను. అయిదో స్టీవర్డ్ జేమ్స్, 1286లో రాజు లేని స్కాట్లండ్‌ను కాపాడిన ఆరుగురు సంరక్షకుల్లో ఒకడు. ఆయన కొడుకు వాల్టర్ 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో పోరాడి, మరుసటి ఏడు రాబర్ట్ బ్రూస్ రాజు కూతురు మార్జరీని పెళ్లాడాడు. 1316లో కొడుకు పుట్టాడు. మార్జరీ చిన్న వయసులోనే చనిపోగా పెయిజ్లీ మఠంలోనే సమాధి చేశారు. ఆ పిల్లవాడే, మేనమామ రెండవ డేవిడ్ రాజు సంతానం లేకుండా పోవడంతో, 1371లో తన 54వ ఏట రెండవ రాబర్ట్‌గా సింహాసనమెక్కాడు. వడ్డన చూసిన ఇంటికి రాజ్యం వచ్చింది ఒక ఆడపడుచు వల్ల, అంతేగాని మంత్రగత్తెల జోస్యం వల్ల కాదు.

ఇంగ్లండ్‌లో ఉండిపోయిన అన్న విలియమ్ సంతతి ఫిట్జ్అలన్‌లై, తర్వాత అరుండెల్ ప్రభువులయ్యారు. 1336 ప్రాంతంలో అరుండెల్ ప్రభువు, స్కాట్లండ్ స్టీవర్డ్ పదవి మీద తనకు వంశహక్కు ఉందని చెప్పి, ఆ హక్కును ఇంగ్లండ్ రాజు మూడవ ఎడ్వర్డ్‌కు వెయ్యి మార్కులకు (మార్కు అప్పటి డబ్బు లెక్క) అమ్మాడు. హక్కు చెల్లుతుందా లేదా అన్నది పక్కన పెడదాం. విడిపోయిన 200 ఏళ్ల తర్వాత కూడా ఆ రెండిళ్లవారికి తాము జ్ఞాతులమని తెలుసునని దీనివల్ల రుజువవుతోంది. అప్పటికి బ్యాంకో ఇంకా పుట్టలేదు.

ఈ కథలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. పద్దెనిమిదో శతాబ్దంలోనే లార్డ్ హెయిల్స్ అనే న్యాయాధిపతి బ్యాంకో కథ నిలవదన్నాడు. 1807లో జార్జ్ చామర్స్ వాల్టర్ ష్రాప్‌షైర్ నుంచి వచ్చినవాడని, అలన్ ఫిట్జ్ ఫ్లాడ్ కొడుకని చూపించాడు. అక్కడితో కథ తేలిపోవాలి. కాని ఆ శతాబ్దం మధ్యలో, ష్రాప్‌షైర్ చరిత్రను పన్నెండు సంపుటాల్లో రాసిన ఐటన్ అనే మహా పరిశ్రమశాలికి ఒక ఆలోచన వచ్చింది. ఫ్లాడ్ అన్నా ఫ్లీన్స్ అన్నా ఒక్కరే ఎందుకు కాకూడదు? పేర్లు దగ్గరగా ఉన్నాయి, కాలం సుమారుగా సరిపోతోంది, వేల్స్ సరిహద్దు కూడా ఉంది. ఒక్క పోలికతో పాత కథా బతుకుతుంది, కొత్త పత్రాలూ బతుకుతాయి. ఎంత తీయని ఆలోచనో చూడండి. 1901లో హొరేస్ రౌండ్ అనే పరిశోధకుడు సెయింట్ ఫ్లోరాన్ మఠపు దానపత్రాలు ముందుపెట్టి, ఫ్లాడ్ తండ్రి పేరు అలన్ అనీ ఊరు డోల్ అనీ నిరూపించేదాకా ఆ తీపి పోలేదు. ఫ్లాడ్‌కు తండ్రి దొరికాడు గనుక, బ్యాంకోకు కొడుకు లేకుండా పోయాడు.

ఇప్పుడు మా ట్రంకుపెట్టె సంగతికి వస్తాను. అందులో 1890ల నాటి ఒక క్రయ దస్తావేజు దొరికింది. స్టాంపు కాగితం మడతల దగ్గర చిల్లులు పడింది, సిరా తుప్పురంగుకు తిరిగింది. అమ్మినవారూ కొన్నవారూ మావాళ్లు కారు. చివరన సాక్షుల సంతకాలు మూడున్నాయి. ఒకటి నిశానీ, ఒకటి సగం చిరిగింది, మూడోది మా ముత్తాతగారి తండ్రిది. పేరు, తండ్రి పేరు, పక్కన చిన్న అక్షరాల్లో కొఠారు గుమాస్తా అని ఉంది. ఎవరో భూస్వామి ధాన్యపు కొట్టుకు లెక్కలు రాసేవారన్నమాట. ఆయన ఉద్యోగం మాకెవరికీ అంతవరకు తెలియదు.

పెదనాన్నగారు భూతద్దంతో ఆ రెండు మాటలు చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఆయన స్నేహితుడైన ఒక పండితుడు వచ్చి, తిక్కనగారి ఇంటిపేరు కొట్టరువు అనీ, అది ధాన్యాగారం చూసే ఉద్యోగం వల్ల వచ్చిందని చెప్పే పండితులున్నారనీ, మీ గోత్రం కూడా అదే గనుక మీరు కవిబ్రహ్మ జ్ఞాతులేనని నిస్సందేహంగా వేయించవచ్చనీ అన్నారు. పెదనాన్నగారి ముఖం వెలిగిపోయింది. నిజం చెప్పాలంటే నా గుండె కూడా ఒక్క క్షణం ఉప్పొంగింది. తిక్కన పేరు వింటే పొంగని నెల్లూరు మనిషి ఉంటాడా?

ఆ రాత్రి అరుగు మీద మంచం వేసుకున్నాక ఆయన అడిగారు. "ఏం అబ్బయా, పంతులుగారు చెప్పింది వేయిద్దామా?"

"పెదనాన్నా, నాకూ వేయించాలనే ఉంది. కాని మధ్యలో ఆరువందల ఏళ్లున్నాయి. ఒక్క కాగితం లేదు. రెండు మాటలు ఒకేలా వినిపిస్తున్నాయి, అంతే" అన్నాను. ఆపైన ఫ్లాడ్, ఫ్లీన్స్‌ల కథంతా చెప్పాను. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మధ్యలో ఒక్కచోటే ఆపి, "ఆ రాజుగారి వంశం నిజంగా వడ్డనవాళ్లదేనా? మరి వాళ్లు సిగ్గుపడ్డారా?" అని అడిగారు. సిగ్గుపడలేదనీ, ఆ ఉద్యోగం పేరునే ఇంటిపేరుగా పెట్టుకుని మూడువందల ఏళ్లకు పైగా సింహాసనం మీద కూర్చున్నారనీ, సిగ్గుపడింది వాళ్ల తరఫున కథ అల్లిన పండితులేననీ చెప్పాను.

మా ఊరు 1970 వరకు నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. అందువల్ల పాత రికార్డుల కోసం రెండు చోట్లా తిరగాల్సి వచ్చింది. దస్తావేజులోని ఆ ముత్తాత తండ్రిగారికి పైన ఇంకొక్క తరం, అదీ ఆయన సంతకంలో ఉన్న తండ్రి పేరే, దొరికింది. అంతకు మించి రాలేదు.

పుస్తకం మొన్ననే ప్రెస్సుకు వెళ్లింది. ప్రూఫు చూసుకోవడానికి పెదనాన్నగారు నాతో పాటు ఒంగోలు వచ్చారు. వృక్షంలో రెండో పేరు కింద కొఠారు గుమాస్తా అని చిన్న అక్షరాల్లో వేశారు. ఆయన వాటిని చూసి, అక్షరాలు కొంచెం పెద్దవి చేయమన్నారు. మొదటి పేరు పైన పువ్వుల బొమ్మ వేసి నింపుతామని ప్రెస్సు కుర్రవాడు అంటే వద్దని, ఆ జాగాను ఖాళీగానే వదలమని చెప్పారు.